పెరటి సందులో పరాగ్వే

రాధారాణికి పరాగ్వే అంటే అంత ఇష్టం ఎందుకు? పేరున్న దేశాలూ, డబ్బున్న దేశాలూ, సినిమా పాటలు తీయడానికి వెళ్ళే దేశాలూ ఇన్ని ఉండగా, దక్షిణ అమెరికా నడిబొడ్డున, సముద్రం మొహం ఎరగని ఆ దేశం మీదే ఆవిడ మనసెందుకు పడిందో ఎన్నిసార్లు ఆలోచించినా ఇప్పటికీ జవాబు దొరకదు. ఆవిడ దగ్గర మాత్రం జవాబులకు కొదవలేదు. పిల్లలు అడిగితే, "జెండాకి ఒకవైపు ఒక బొమ్మ, రెండోవైపు ఇంకో బొమ్మ ఉన్న దేశం అదొక్కటేరా, అందుకు" అంటుంది. భర్త మల్లికార్జునరావు అడిగితే, "పెళ్ళిచూపుల్లో నన్నెందుకు ఒప్పుకున్నారో ముందు మీరు చెప్పండి, తర్వాత నేను చెప్తాను" అంటుంది. ఆయన అప్పట్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాడు.

రాధారాణిది నర్సాపురం. గోదారి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో పుట్టి పెరిగింది. ఆ వీధిలో ఏ అరుగు మీద చూసినా ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ లేసు అల్లేవాళ్ళు. రాధారాణికి ఆ అల్లిక పట్టుబడలేదు. వాళ్ళ మధ్య కూర్చుని అట్లాసు తిరగేసేది. "ఇది దారం పట్టదు, దేశాలు పట్టుకు తిరుగుతుంది" అని పెద్దమ్మ వెక్కిరించేది. పెద్దయ్యాక అక్కడే బళ్ళో సోషల్ టీచరైంది. పెళ్ళయి, భర్త ఉద్యోగం వెంట టెక్సాస్‌లోని కాపెల్‌కి వచ్చాక, వీసా కారణంగా చాలా ఏళ్ళు ఏ పనీ చేయడానికి వీల్లేకపోయింది. సుద్దముక్క పట్టిన చెయ్యి ఊరుకుంటుందా? శనివారం పొద్దున్నే భర్త కారును ఎండలోకి నెట్టేసి, గ్యారేజీలో మడత కుర్చీలు వేసి, చుట్టుపక్కల తెలుగు పిల్లలకు భూగోళం చెప్పడం మొదలుపెట్టింది. పోటీ పరీక్షల కోసం వచ్చేవాళ్ళు కొందరు. అమ్మానాన్నలు యోగాకి వెళ్తూ దింపిపోయేవాళ్ళు కొందరు. అందరికీ ఆవిడ మ్యాప్ ఆంటీ. వీసా చిక్కు ఎప్పుడో తీరిపోయినా గ్యారేజీ బడి మాత్రం ఆగలేదు.

ఆవిడ పాఠం పుస్తకంతో మొదలుకాదు, ముగ్గుతో మొదలవుతుంది. గ్యారేజీ ముందున్న సిమెంటు మీద నీళ్ళు చల్లి, పిల్లల చేతికి బియ్యప్పిండి ఇచ్చి, ఆ వారం దేశాన్ని వాళ్ళచేతే వేయిస్తుంది.

"నది ముందు, గీత తర్వాత" అంటుంది. "నదుల్ని చూసుకుని దేశాలు గీసుకున్నారు గానీ, దేశాల్ని చూసి నదులు పుట్టలేదు."

ఆ కాలనీలో గ్యారేజీలన్నీ ఇళ్ళ వెనకవైపు ఉంటాయి. రెండు వరసల ఇళ్ళ వీపుల మధ్య ఒక సన్నటి సిమెంటు దారి. అమెరికాలో దానికి వేరే పేరుంది గానీ, రాధారాణికి అది పెరటి సందు. ఆ మాట ఆవిడ ఊరికే అనలేదు. నర్సాపురంలో వీధి గుమ్మం పరాయివాళ్ళది, పెరటి గుమ్మం సొంతవాళ్ళది. పెరటి గుమ్మంలోంచి వచ్చే మనిషి రావచ్చా అని అడగదు. వెళ్తూ వెళ్తున్నానని చెప్పదు. ఇంటావిడ పప్పు రుబ్బుతూ ఉంటే పక్కన కూర్చుని రెండు మాటలాడి, కాస్త ఉప్పు తక్కువైందని చెప్పి, పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లేచిపోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తావని ఎవరూ అడగరు, వస్తుందని తెలుసు గనక.

కాపెల్‌లో ఇన్నేళ్ళున్నా అలాంటి గుమ్మం ఆవిడకు ఒక్కటీ దొరకలేదు. స్నేహితులు లేక కాదు. పండక్కి పిలుస్తారు, పుట్టినరోజుకి పిలుస్తారు, పిలిస్తే వెళ్ళాలి. ఒకసారి కరీంనగర్ శాంతి ఇంటికి, పక్క వీధే కదా అని, గిన్నెలో గోంగూర పచ్చడి పట్టుకుని చెప్పకుండా వెళ్ళింది. శాంతి చెవుల్లో ఇయర్‌ఫోన్లతో తలుపు తీసి, గుసగుసగా, "అరె రాణీ, ఒక్క టెక్స్ట్ కొట్టరాదే! మీటింగ్ల ఉన్న" అంది. పచ్చడి లోపలికి వెళ్ళింది, రాధారాణి బయటే ఉండిపోయింది. శాంతిది తప్పేం లేదు. కానీ ఆ రోజు నుంచి రాధారాణి మనసులో ఒకే కోరిక. ఈ ఊళ్ళో చెప్పకుండా వెళ్ళగలిగే ఇల్లు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, దొరికితే చాలు.

ఎండాకాలం మొదట్లో ఒక శనివారం పరాగ్వే వంతు వచ్చింది. ఆ వారం ఆవిడ పిండి కూడా ప్రత్యేకంగా జల్లించుకుంది. పరాగ్వే నది పైనుంచి కిందికి దేశాన్ని రెండు ముక్కలు చేస్తూ పారింది. పడమట చాకో, ముళ్ళపొదల మైదానం. తూర్పున ఎర్రమట్టి నేల, జనం. చుట్టూ బొలీవియా, బ్రెజిల్, అర్జెంటీనా.

"ఆంటీ, బీచ్ లేదా? పాపం" అంది నైనిక. పదేళ్ళ పిల్ల.

"బీచ్ లేదు గానీ నేవీ ఉంది."

"సీ లేకపోతే నేవీ ఎందుకు ఉంది ఆంటీ?" అన్నాడు విహాన్.

"నదులున్నాయి కదరా. ఆ నదే వాళ్ళకి సముద్రానికి దారి. మీ ఇంటి ముందు ఫ్రీవే లేకపోయినా డాడీకి కారు లేదా?"

అప్పుడే సందులో ఎదురింటి గ్యారేజీ తలుపు పైకి లేచింది. ఆ ఇంట్లోకి ఈమధ్యే ఎవరో దిగారు. డెబ్బై దాటిన ఒకావిడ, చంకలో పెద్ద ఫ్లాస్కు, కాళ్ళకు రబ్బరు చెప్పులు, నెమ్మదిగా వచ్చి ముగ్గు దగ్గర ఆగి, కింద తెల్లటి గీతను చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఎవరు పోయారు?"

టీవీ సీరియళ్ళలో పోలీసులు శవం చుట్టూ గీసే గీత అనుకుంది. పిల్లలు పడీపడీ నవ్వారు.

"నో, నో! నోబడీ డైడ్! ఇట్స్ పరాగ్వే!" అని అరిచింది నైనిక.

ఆవిడ ఫ్లాస్కు కింద పెట్టింది. ముగ్గు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. అసున్సియోన్ అని పెట్టిన చుక్క దగ్గర వంగి, రాధారాణి చేతిలోని గిన్నెలోంచి చిటికెడు పిండి తీసుకుని, ఆ చుక్కకు కుడిపక్కన ఇంకో చుక్క పెట్టింది.

"ఇతాగువా. మా ఊరు" అంది. "నేను రమోనా. ఇది ఎవరు వేశారు?"

ఆవిడ ఇంగ్లీషులో స్పానిషు కలుస్తుంది, రాధారాణి ఇంగ్లీషులో నర్సాపురం కలుస్తుంది. అయినా ఇద్దరికీ అర్థం కానిది ఏమీ లేకపోయింది.

"ఎప్పుడు వెళ్ళావు మా దేశం?"

"వెళ్ళలేదండీ."

"మీ ఆయనది పరాగ్వేనా?"

"మా ఆయనది భీమవరం."

"మరి?"

రాధారాణి పిల్లలకు చెప్పే జవాబూ, భర్తకు చెప్పే జవాబూ రెండూ పక్కన పెట్టింది. "ఊరికే" అంది.

రమోనాకి అది చాలా మంచి జవాబులా తోచినట్టుంది. "సాయంత్రం రా. ఎప్పుడైనా రా. ఫోన్ మాత్రం చెయ్యకు, నేను ఎత్తను" అని ఫ్లాస్కు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

రాధారాణికి కాళ్ళు నేల మీద నిలవలేదు. ఫోన్ చెయ్యకు అంది! అన్నం తింటూ భర్తకు అదే మాట నాలుగుసార్లు చెప్పింది.

"దేశం దేశమే నీ కోసం సందులోకి నడిచొచ్చిందన్నమాట" అన్నాడు మల్లికార్జునరావు. "జర్మనీ ముగ్గు కూడా ఒకటి వెయ్యవోయ్, ఎవరైనా మంచి కారు పట్టుకుని వస్తారేమో."

సాయంత్రం వట్టి చేతులతో వెళ్ళకూడదని డబ్బా నిండా చేగోడీలు పోసుకుని సందు దాటింది. రమోనా గ్యారేజీలో కారు లేదు, ఫ్యాను ఉంది, కుర్చీలున్నాయి. చెక్క చట్రానికి బిగించిన గుడ్డ మీద రంగుదారాలతో అల్లిన చక్రాలున్నాయి, సాలెగూళ్ళలా. రాధారాణి వాటిని చూసి నిలబడిపోయింది. అరుగు మీది ఆడవాళ్ళంతా ఒక్కసారి కళ్ళ ముందు తిరిగారు.

"మా ఊళ్ళో కూడా లేసు అల్లుతారు" అంది.

"నీకొచ్చా?"

"రాదు. అప్పుడు నేను మీ దేశం చదువుకుంటున్నాను."

రమోనా నవ్వి కూర్చోమంది. పక్కన ఆవిడ కూతురు లిలియానా, ఆస్పత్రిలో నర్సు, డ్యూటీ దిగి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది. రమోనా చిన్న రోట్లో పుదీనా, నిమ్మగడ్డి దంచి ఐసునీళ్ళలో కలిపింది. వెడల్పాటి కొమ్ము ఒకటి తీసి, అందులో ఎండుటాకు పొడి నింపి, ఇనప గొట్టం గుచ్చి, చల్లటి నీళ్ళు పోసింది. తెరెరే అంటారట. తను తాగింది. మళ్ళీ నీళ్ళు పోసి కూతురికిచ్చింది. లిలియానా అదే గొట్టంతో తాగి వెనక్కిచ్చింది. మళ్ళీ నింపి, అదే కొమ్ము, అదే గొట్టం, రాధారాణి చేతికిచ్చింది.

తెరెరే గురించి రాధారాణి చదవలేదని కాదు. ఆకు పేరు తెలుసు, ఎంత పండుతుందో తెలుసు. గొట్టం ఒక్కటే ఉంటుందని ఏ అట్లాసూ చెప్పలేదు.

"ఇది దేని కొమ్ము?" అంది, కాస్త వ్యవధి కోసం.

"ఎద్దుది."

కొమ్ము సంగతి ఆవిడ చప్పున సర్దుకుంది. శివుడికి అభిషేకం చేసేది శృంగంతోనే కదా, అదీ కొమ్మే కదా. చిక్కంతా గొట్టంతో వచ్చింది. ఎంగిలి! పక్కింటి పిల్ల కొరికిన జామకాయ తిన్నందుకు పెద్దమ్మ చేత మొట్టికాయ తిన్న మనిషి. కాదంటే దొరక్క దొరికిన గుమ్మం మూసుకుపోతుందేమో. ఉపాయం ఒకటే తోచింది. గొట్టం పీకి పక్కన పెట్టి, తల పైకెత్తి, మరచెంబుతో మంచినీళ్ళు తాగినట్టు కొమ్మును ఎత్తి నోట్లోకి పోసుకుంది.

నీళ్ళతోపాటు ఆకు కూడా దిగింది. ముక్కులోకి కొంత, మెడ మీదికి కొంత, కొత్త చుడీదార్ మీదికి మిగతాది.

రమోనా కుర్చీ ఊగిపోయేలా నవ్వింది. "అమ్మాయీ, అది తాగేదే గానీ తలంటుకునేది కాదు!"

రాధారాణి కూడా నవ్వింది, ముక్కు తుడుచుకుంటూ. మర్యాద తప్పకూడదని కొమ్ము తిరిగిస్తూ "థాంక్యూ, థాంక్యూ సో మచ్, గ్రాసియాస్" అంది. రమోనా ఒక్క క్షణం ఆగి చూసింది. తలూపి, కొమ్ము నింపి తను తాగింది. తర్వాత కూతురికిచ్చింది. మళ్ళీ తను. మళ్ళీ కూతురు. కొమ్ము రాధారాణి మోకాళ్ళ ముందు నుంచే అటూ ఇటూ వెళ్తోంది గానీ ఆవిడ చేతికి రాలేదు. చేగోడీలు మాత్రం తల్లీకూతుళ్ళిద్దరూ కరకరలాడించేశారు.

ఇంటికొచ్చి మంచం మీద కూలబడింది. "ఎంగిలి అన్నానని గ్రహించింది. కోపం వచ్చింది."

"నువ్వు ఆ మాట అనలేదుగా?"

"గొట్టం పీకి పారేస్తే అన్నట్టు కాదా?"

వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళింది, ఈసారి మనసు గట్టి చేసుకుని. కొమ్ము చేతికి రాగానే కళ్ళు మూసుకుని, పెద్దమ్మకు మనసులో ఒక దణ్ణం పెట్టి, అదే గొట్టంతో చివరిదాకా పీల్చేసింది. చేదుగా, చల్లగా, పుదీనా వాసనతో గొంతు దిగింది. అబ్బ, ఎంత హాయిగా ఉందో! కాపెల్ ఎండంతా ఒక్క గుక్కలో చల్లారిపోయింది. ఇంకోటి కావాలనిపించింది. ఇంత సాధించాక మర్యాదలో లోటెందుకని, కొమ్ము తిరిగిస్తూ రెండు చేతులూ జోడించి మరీ, "ముచాస్ గ్రాసియాస్" అంది. యూట్యూబ్‌లో నేర్చుకుని వచ్చిన మాట.

కొమ్ము మళ్ళీ ఆవిడ దగ్గరికి రాలేదు.

రాధారాణికి కళ్ళనీళ్ళొక్కటే తక్కువ. ఇంత చేస్తే, జన్మలో చేయనిది చేస్తే, ఒక్క చుక్కతో సరిపెడుతుందా? ఇది వీధి గుమ్మమే, పెరటి గుమ్మం కాదు. రమ్మనడం వాళ్ళ మర్యాద, ఒకటి తాగి లేవడం మన మర్యాద. అంతే.

ఆ తర్వాత సందులోకి వెళ్ళడం మానేసింది. చెత్తబుట్ట పెట్టడానికి కూడా మల్లికార్జునరావునే పంపింది.

"నాకెందుకే మీ రెండు దేశాల గొడవ?" అన్నాడాయన బుట్ట లాగుతూ.

కానీ శనివారం ఆగదు కదా. ఈసారి ముగ్గులోకి బొలీవియా దిగింది. దానికీ సముద్రం లేదు. ఒకప్పుడుండేది, పసిఫిక్ ఒడ్డు. చిలీతో యుద్ధంలో పోగొట్టుకుంది. ఆ సంగతి చెప్తుండగా ఎదుటి తలుపు లేచింది. రబ్బరు చెప్పులు టపటపలాడుతూ వచ్చాయి. రమోనా ముగ్గును చూసింది. నడుం మీద చేతులు వేసుకుంది.

"బొలీవియా?"

రాధారాణి వంగి ముగ్గులో ఒక గీత దిద్దింది.

"మా ఇంటికి రావడం మానేశావు. పోనీ, ఒంట్లో బాగాలేదనుకున్నాను. ఇప్పుడు నా కళ్ళ ముందే బొలీవియా! చాకో కోసం మేము ఎవరితో కొట్లాడామో తెలియదా నీకు?"

"తెలుసు. పంతొమ్మిది వందల ముప్పై రెండు నుంచి ముప్పై అయిదు దాకా" అంది రాధారాణి, బింకంగా.

"ఆ యుద్ధంలో మావాళ్ళు పొగ కనబడితే శత్రువు కాలుస్తాడని పొయ్యి రాజెయ్యకుండా ఆకును చన్నీళ్ళలో వేసుకుని తాగారట. తెరెరే అలా పుట్టిందని మా తాత చెప్పేవాడు."

"అంతకు ముందు నుంచే ఉందని నేను చదివాను."

"మా తాత కంటే నీకు తెలుసా?"

"యుద్ధం తేదీలు మీ తాతకంటే నాకే బాగా తెలుసు. ఒకే గొట్టంతో తాగడం కూడా నేర్చుకున్నాను. నేర్చుకుంటే ఏం లాభం? ఒకటి పోసి చేతులు దులుపుకున్నారు!"

పిల్లలు పిండి పట్టుకున్న చేతులు గాల్లోనే ఆపి చూస్తున్నారు.

"నేను దులుపుకున్నానా?" రమోనా గొంతు ఒక మెట్టు పైకెక్కింది. "నువ్వే కదా గ్రాసియాస్ అన్నావు! మొదటి రోజూ అన్నావు. రెండో రోజు చేతులు జోడించి మరీ అన్నావు. చాలు, ఇంక వద్దు, అన్నాక ఎలా పోస్తాను? బలవంతంగా నోట్లో పొయ్యనా?"

"చాలని ఎప్పుడన్నాను?"

"తెరెరే దగ్గర గ్రాసియాస్ అంటే అదే కదా! కావాల్సినవాళ్ళు ఏమీ అనరు. తాగుతారు, ఇస్తారు, కూర్చుంటారు. వద్దన్నవాళ్ళే ధన్యవాదాలు చెప్పి తప్పుకుంటారు. 'పాపం, నీ ఫ్రెండుకి మన తెరెరే నచ్చలేదమ్మా' అని లిలియానా అంటే కూడా నేను నమ్మలేదు. మూడోసారి వస్తావని చూశాను."

రాధారాణికి నవ్వు మొదలైంది, కడుపులోంచి, ఆగకుండా.

"మా ఊళ్ళోనూ అంతేనమ్మా! సొంతవాళ్ళకి ఎవరు చెప్తారు థాంక్సులు? పెద్దమ్మకి చెప్పి ఉంటే, 'ఏమే, పరాయిదాన్నయిపోయానా?' అని వీపు విమానం మోత మోగించేది. ఈ దేశం వచ్చాక నేర్చుకున్నాను. తలుపు పట్టుకుంటే థాంక్యూ, పేపర్ నాప్‌కిన్ ఇస్తే థాంక్యూ. అలవాటైపోయింది."

"నాకూ అలాగే నేర్పారు, మొదట్లో" అంది రమోనా, ఇంకా బింకం పూర్తిగా వదలకుండా. "కానీ తెరెరే దగ్గర నేను దాన్ని రానివ్వను."

"ఆంటీ, సో మీరు పొలైట్‌గా ఉన్నారు కాబట్టి మీకు డ్రింక్ రాలేదా?" అన్నాడు విహాన్. "దట్స్ సో అన్‌ఫెయిర్."

"నోర్మూసుకుని ముగ్గు వెయ్యరా" అంది రాధారాణి. రమోనాకు ఆ మాట తెలుగులోనే అర్థమైంది. పిల్లాడి చేతిలో గిన్నె తీసుకుని, బొలీవియా పక్కన మిగిలిన ఖాళీలో, నైనిక చెయ్యి పట్టుకుని పరాగ్వే నదిని గీయించింది. గీత కాస్త వంకరొచ్చింది. రాధారాణి దిద్దబోయి ఊరుకుంది.

ఆ సాయంత్రం ఆవిడ టెక్స్ట్ పెట్టలేదు. ఫోన్ ఇంట్లోనే వదిలేసింది. చేతిలో డబ్బా కూడా లేదు. సందు దాటి, సగం లేచిన గ్యారేజీ తలుపు కింద నుంచి వంగి లోపలికి వెళ్ళి కూర్చుంది. రమోనా చట్రం మీది చక్రంలోంచి తలెత్తకుండా, "ఆ ఎరుపు దారం అందుకో" అంది. రాధారాణి అందించింది.

కొమ్ము తిరగడం మొదలైంది. ఒక్కో చుట్టుకీ ఒక్కో కబురు. మూడు దేశాలు ఒకటై మీద పడ్డ పాత యుద్ధంలో మగవాళ్ళు ఎంతోమంది పోతే, మిగిలిన ఆడవాళ్ళే పొలాలు దున్ని, ఇళ్ళు కట్టి దేశాన్ని మళ్ళీ నిలబెట్టారని రమోనా చెప్పింది. ఆ యుద్ధం ఏ ఏడు ముగిసిందో రమోనా తప్పు చెప్తే రాధారాణి సరిదిద్దింది. రమోనా సరేలే అని కొమ్ము నింపింది. కర్రపెండలం వాళ్ళకు అన్నంలాంటిదంటే, మా గోదారి జిల్లాల్లో దాంతో సగ్గుబియ్యం చేస్తారని రాధారాణి చెప్పింది. సూప్ అనే పేరుతో వాళ్ళు చేసేది చేత్తో విరుచుకుని తినే రొట్టె అని తెలిసి, "మీ సూప్‌కి చెంచా అక్కర్లేదు, మీ కప్పుకి కడగడం అక్కర్లేదు, భలే దేశం" అంది. లిలియానా నవ్వి తాగుతున్న నీళ్ళు చిమ్మింది. ప్రతిసారీ కొమ్ము రాధారాణి చేతికి వచ్చింది. ప్రతిసారీ ఆవిడ తాగి, నోరు మూసుకుని, తిరిగిచ్చింది.

ఒకసారి మాట పెదాల దాకా వచ్చేసింది. "థా..." అంది. రమోనా కనుబొమలు పైకి లేచాయి. రాధారాణి దాన్ని పుదీనా నీళ్ళతో కలిపి మింగేసింది.

ఇంకో చుట్టు మధ్యలో కుక్కర్ గుర్తొచ్చింది. పప్పు పెట్టి, మల్లికార్జునరావుకి చెప్పకుండా వచ్చింది. ఆయనకు విజిల్ లెక్కపెట్టడం రాదు. లెక్కపెట్టినా ఆపడం రాదు. చేతిలో కొమ్ము ఖాళీ చేసి రమోనా మోకాలి దగ్గర పెట్టింది. చున్నీ భుజాన వేసుకుంది. రమోనా దారం పంటితో తెంపుతూ లిలియానాకి ఏదో చెప్తోంది, తలెత్తలేదు. రాధారాణి కూడా ఏమీ అనలేదు. తలుపు కింద నుంచి వంగి సందులోకి దిగింది. పొద్దున్న వేసిన ముగ్గులో నది ఇంకా చెరగలేదు, దాన్ని తొక్కకుండా దాటింది. వెనక గ్యారేజీలో ఐసుముక్కలు గలగలమన్నాయి. కొమ్ములోకి మళ్ళీ నీళ్ళు పోస్తున్న చప్పుడు. ఆవిడ వెనక్కి తిరగకుండా, చెప్పులు ఈడ్చుకుంటూ, విజిల్ వైపు పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.